ఉక్కు గిత్తల సంత

అరవైల నాటి అమెరికన్ ‘మజిల్’ కార్లు. ఏళ్ల తరబడి షెడ్లలో ప్రాణం పోసుకుని, రెండు మూడు నిమిషాల్లో చేతులు మారిపోతాయి. ఆ ముచ్చట చూడాలంటే జనవరిలో ఫ్లోరిడాలోని కిసిమ్మీకి వెళ్లాల్సిందే.

కనుమ రోజు మన పల్లెల్లో ఏం చేస్తారు? ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి ఊరంతా తిప్పుతారు. సరిగ్గా ఆ సంక్రాంతికి కాస్త ముందూ వెనకగా కిసిమ్మీలోనూ అలాంటి సందడే కనిపిస్తుంది. అక్కడ కడిగేదీ, తుడిచేదీ, తళతళలాడించి ఊరేగించేదీ కార్లని! ఎర్రవి, పసుపువి, నారింజవి, ఊదావి... వరుసల కొద్దీ, గుడారాల కొద్దీ, వేల కార్లు. పదిరోజులకు పైగా సాగే ఈ వేలాన్ని మీకమ్ అనే సంస్థ నిర్వహిస్తుంది. పాత కార్ల వేలాల్లో ప్రపంచంలోనే అతి పెద్దది ఇదే. 2022లో ఇక్కడ జరిగిన అమ్మకాల విలువ ఎంతో తెలుసా? 21.7 కోట్ల డాలర్లు. పాత కార్ల వేలం ఒకటి 20 కోట్ల డాలర్ల గీత దాటడం అదే మొదటిసారి.

డిస్నీ పక్కనున్న పశువుల ఊరు

ఓర్లాండోకి దక్షిణంగా ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కిసిమ్మీ. డిస్నీ వరల్డ్ చూడ్డానికి వెళ్లే తెలుగు కుటుంబాలు చాలావరకూ బస చేసేది ఈ ఊరి హోటళ్లలోనే. ఊరు చూశామని మాత్రం ఎవరూ అనుకోరు. మిక్కీమౌస్ నీడలో దాని అసలు రూపం మరుగున పడిపోయింది. 1971లో డిస్నీ తలుపులు తెరిచేదాకా ఇక్కడ బతుకంతా పశువులతోనే. కనుచూపు మేర పచ్చిక మైదానాలు, గుర్రాల మీద కాపరులు, ఆవుల మందలు. ఆ వాసన ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 1944లో మొదలైన ‘సిల్వర్ స్పర్స్’ రోడియోలో బుసలు కొట్టే ఎద్దుల వీపులెక్కి కుర్రాళ్లు తమ సత్తా చూపిస్తారు. ఆ రోడియోకి వేదికైన ఆసియోలా హెరిటేజ్ పార్కులోనే కార్ల వేలమూ జరుగుతుంది.

అన్నట్టు, ఆ ఎద్దులకూ మనకూ ఓ చుట్టరికం ఉంది. ఫ్లోరిడా ఎండకూ, దోమలకూ తట్టుకునేవి మూపురం ఉన్న ‘బ్రాహ్మన్’ జాతి పశువులు. మన దేశపు జాతులు కొన్నింటిని కలిపి అమెరికన్లు తయారు చేసుకున్న జాతి అది. అందులో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. అక్కడివాళ్లు ఒంగోలు జాతిని ‘నెల్లూర్’ అంటారు. పశువులు సముద్రం దాటిన కాలంలో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది మరి! అలా ఒంగోలు గిత్తల వారసులు కుమ్ములాడే ఊళ్లోనే అమెరికా ఉక్కు గిత్తల సంత.

జనవరిలో కిసిమ్మీ వాతావరణం మన శీతాకాలపు ఉదయంలా హాయిగా ఉంటుంది. ఉత్తరాది రాష్ట్రాలు మంచులో కూరుకుపోయి ఉంటే, అక్కడి పెద్దవాళ్లు చొక్కా చేతులు మడుచుకుని ఈ గుడారాల మధ్య తిరుగుతుంటారు. టికెట్ కొనుక్కుంటే ఎవరైనా వెళ్లి చూడొచ్చు. పాట పాడాలంటే మాత్రం ముందుగా పేరు నమోదు చేసుకుని, డబ్బుకు హామీ చూపించాలి.

ఓ చిన్న తెలివితేటల ఫలితం

ఇంతకీ మజిల్ కారు అంటే? మధ్యరకం సైజు కారులో, పెద్ద కార్లకు వాడే భారీ ఇంజిన్ బిగిస్తే వచ్చేదే మజిల్ కారు. కండలు తిరిగిన కారు. ఈ ఆలోచనకు 1964లో ఊపు తెచ్చింది పాంటియాక్ జీటీఓ.

అప్పట్లో జనరల్ మోటార్స్‌లో ఓ కట్టడి ఉండేది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని. పాంటియాక్ చీఫ్ ఇంజినీర్ జాన్ డెలోరియన్ బృందం దానికో ఉపాయం పన్నింది. కొత్త మోడల్‌గా కాకుండా, టెంపెస్ట్ లీ మాన్స్ కారుకు అదనంగా డబ్బులిచ్చి తీసుకునే ‘ఆప్షన్’ రూపంలో 389 ఘనపు అంగుళాల ఇంజిన్ పెట్టేసింది. ఐదువేలు అమ్ముడైతే గొప్పే అనుకున్నారు. మొదటి ఏడాదే 32,450 పోయాయి! దాంతో మిగతా కంపెనీలన్నీ బరిలోకి దూకాయి. క్రైస్లర్ కంపెనీ 1966లో 426 ఘనపు అంగుళాల ‘హెమీ’ ఇంజిన్‌ను రోడ్డు కార్లకూ ఇచ్చింది. మన లెక్కలో దాదాపు ఏడు లీటర్లు. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం 425 గుర్రాల శక్తి. మన అంబాసిడర్ ఇంజిన్ 1,489 సీసీలని గుర్తు చేసుకుంటే ఆ దూకుడు ఏపాటిదో అర్థమవుతుంది.

ఆ సంబరం పట్టుమని పదేళ్లు కూడా సాగలేదు. కుర్రాళ్లు ఇలాంటి కార్లు కొంటే బీమా కంపెనీలు ప్రీమియం మోత మోగించాయి. 1970లో గాలి కాలుష్యం మీద కఠినమైన చట్టం వచ్చింది. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసరికి పెట్రోల్ బంకుల ముందు బారులు తీరాయి. లీటర్లకు లీటర్లు తాగే కార్లు ఎవరిక్కావాలి? నిన్నటి మొనగాళ్లు సెకండ్‌హ్యాండ్ బేరాల్లోకి దిగిపోయారు. కాలేజీ కుర్రాళ్లు కారుచౌకగా కొని, పందేలాడి, గుద్దేశారు. ఉత్తరాదిలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగు రేకును తినేసింది. మిగిలినవి తుక్కు కొట్టుకు చేరాయి.

అందుకే ఇప్పుడు కొన్ని కార్లు కంటపడటమే అదృష్టం. ఉదాహరణకు హెమీ ఇంజిన్ ఉన్న ప్లిమత్ ‘కూడా’ కన్వర్టిబుల్. ఆ రోజుల్లో ఆ ఇంజిన్‌కి పెట్టాల్సిన అదనపు డబ్బు చూసి కొనేవాళ్లు వెనకాడారు. 1970లో తయారైనవి 14, 1971లో 11 అని చెబుతారు. అప్పుడు ఎవరికీ వద్దనిపించిన కారు కాబట్టే ఇప్పుడు అందరికీ కావాలి! 2014 జూన్‌లో సియాటిల్‌లో మీకమ్ జరిపిన వేలంలో 1971 నాటి ఒక కారు 35 లక్షల డాలర్లు పలికింది.

తుప్పులోంచి తళతళలకు

అలాంటి కారు ఏ పాకలోనో కోళ్ల గూడుగా మారి దొరికిందనుకోండి. దాన్ని మళ్లీ రోడ్డెక్కించడం మామూలు డెంటింగ్, పెయింటింగ్ పని కాదు. ముందు చివరి బోల్టు దాకా విప్పేస్తారు. ఒట్టి బాడీని మాంసం కాల్చే ఊచకు గుచ్చినట్టు ఓ ఇరుసుకు బిగించి గుండ్రంగా తిప్పుతూ, అడుగు రేకు దాకా పాత రంగు గీకేస్తారు. తుప్పు తిన్న చోట కోసి కొత్త రేకు అతుకుతారు. ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్, సీట్ల గుడ్డ... ఒక్కోదానికీ వేరే నిపుణుడు. వెయ్యి గంటల పని చాలా మామూలు. ఖర్చు లక్ష డాలర్లు దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇందులో ఓ విచిత్రం ఉంది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో రంగు వేసింది పూజ చేసినంత శ్రద్ధగా ఏమీ కాదు. నిమిషాల లెక్కన కార్లు కదిలిపోతుంటే, చిమ్మినచోట చిమ్మేవారు. అడుగున రంగు తుంపర్లు పడేవి. తనిఖీ చేసిన కార్మికుడు సుద్దముక్కతో గీత గీసేవాడు. ఇప్పుడు మరమ్మతు చేసేవాళ్లు ఆ తుంపర్లనూ, ఆ సుద్దగీతలనూ కూడా ఉన్నవి ఉన్నట్టుగా మళ్లీ వేస్తారు! ఫ్యాక్టరీ కన్నా బాగా చేస్తే పోటీల్లో న్యాయనిర్ణేతలు మార్కులు కోస్తారు. యాభై ఏళ్ల కిందట ఎవరో తొందరలో చేసిన పనిని, ఇప్పుడు నెలల తరబడి ఓపిగ్గా అనుకరించాలన్నమాట.

ఎంత చేసినా కొనేవాడు మొదట చూసేది రంగును కాదు, నంబర్లను. డ్యాష్‌బోర్డు మీది పలకపై ఉన్న నంబరు, ఇంజిన్ మీద కొట్టిన నంబరు, గేర్‌బాక్స్ మీది నంబరు కలవాలి. అన్నీ కలిస్తే అది పుట్టినప్పటి ఇంజిన్‌తోనే ఉందని అర్థం. ఇంజిన్ మారిందంటే విలువ దారుణంగా పడిపోతుంది. 1970, 71 నాటి క్రైస్లర్ కార్లలో ఓ సుఖం ఉంది. నంబరులో ఐదో అక్షరం ‘ఆర్’ అయితే ఆ కారు హెమీతోనే పుట్టిందని లెక్క. ఫ్యాక్టరీలో ఏయే భాగాలు బిగించాలో రాసిన కాగితం ఒక్కోసారి వెనక సీటు స్ప్రింగుల మధ్య ఇరుక్కుని దొరుకుతుంది. ఎలుకలు కొరికినా సరే, ఆ కాగితం బంగారమే!

అన్ని కార్లకూ ఆ భాగ్యం లేదు. 1970 షెవెల్‌నే తీసుకోండి. 454 ఘనపు అంగుళాల ఇంజిన్‌తో వచ్చిన ‘ఎస్ఎస్’కీ, మామూలు దానికీ తేడా ఆ నంబరు చెప్పదు. తొలి రెండేళ్ల జీటీఓలదీ ఇదే కథ. ‘ఆప్షన్’ కింద అమ్మారు కాబట్టి నంబరులో ఆ ఊసే ఉండదు. అందుకే మామూలు కారుకి జీటీఓ గుర్తులు తగిలించి అంటగట్టే ఘనులకు కొదవలేదు. పాంటియాక్‌కూ, ఫోర్డ్‌కూ ఫ్యాక్టరీ రికార్డులు మిగిలాయి కాబట్టి, డబ్బు కట్టి మన కారు పుట్టుపూర్వోత్తరాలు తెప్పించుకోవచ్చు. చాలా షెవర్లేలకు ఆ వీలు కూడా లేదు. అందుకే కిసిమ్మీ గుడారాల్లో చిన్న అయస్కాంతాలు జేబులో వేసుకుని తిరిగేవాళ్లు కనిపిస్తారు. అయస్కాంతం అంటుకోలేదంటే కింద రేకు లేదు, పుట్టీ ఉందని అర్థం.

రెండు నిమిషాల పరీక్ష

అమ్మేవాడి అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. తెలిసినవాళ్లకి నేరుగా అమ్మితే కమీషన్ మిగులుతుంది. కానీ ఇలాంటి కారుకి తగిన మనిషి దేశంలో ఏ మూల ఉన్నాడో! వేలానికి తెస్తే ఆ మనుషులంతా ఒకే కప్పు కింద దొరుకుతారు. అయితే ఏ రోజు, ఏ గంటకి తన కారు బల్ల మీదకి వస్తుందన్నది ముఖ్యం. శుక్ర, శని వారాల మధ్యాహ్నాలు గిరాకీ సమయం. వారం మొదట్లో, పొద్దున్నే వస్తే ఖాళీ కుర్చీలకు చూపించుకున్నట్టే.

తర్వాతి ప్రశ్న రిజర్వు. ‘ఇంతకు తగ్గితే అమ్మను’ అని ముందే రహస్యంగా ఒక ధర చెప్పి ఉంచడమే రిజర్వు. పెట్టుకుంటే భద్రత. కానీ కొనేవాళ్లు కాస్త వెనకడుగు వేస్తారు. పెట్టుకోకపోతే పాటలో హుషారు పెరుగుతుంది, కమీషన్ కూడా సాధారణంగా తగ్గుతుంది. కానీ ఆ రోజు గదిలో ఇద్దరు గట్టి మనుషులు లేకపోతే ఇల్లు గుల్లే! వేలంలో ధర పెరగాలంటే ఒక్కరు సరిపోరు. పంతం పట్టే రెండోవాడు కావాలి.

కారు బల్ల మీదకి వచ్చిందా... ఇక వేలంపాటగాడి నోటికి అడ్డూ అదుపూ ఉండదు. అంకెలు ఒకదాని మీద ఒకటి దొర్లిపోతుంటాయి. పశువుల సంతల్లో, పొగాకు గోదాముల్లో పుట్టి పెరిగిన బాణీ అది. మన ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పొగాకు వేలం చూసినవాళ్లకు ఆ వేగం కొత్తేమీ కాదు. బేళ్ల పక్కన నిలబడి, పాట తను అనుకున్న రేటు దగ్గరికి వస్తుందా రాదా అని ఊపిరి బిగబట్టే రైతు మొహం, ఇక్కడ కారు పక్కన నిలబడ్డ యజమాని మొహం ఒకేలా ఉంటాయి.

అంకె ఆగిపోతుంది. రిజర్వుకి ఇంకా కాస్త దూరం. వేలం మనిషి యజమాని భుజం మీద చెయ్యివేసి చెవిలో ఏదో చెబుతాడు. తగ్గిస్తారా? తల ఊపితే ‘రిజర్వు తీసేశారు’ అన్న కేక. దాంతో మళ్లీ పాట ఊపందుకోవచ్చు, అక్కడే సుత్తి పడిపోనూ వచ్చు. తల అడ్డంగా ఊపితే కారు వెనక్కి వెళ్లిపోతుంది. ‘ఫలానా కారు అమ్ముడుపోలేదు’ అన్న ముద్ర దాని వెంటే ఉంటుంది. పదేళ్ల శ్రమ మీద తీర్పు చెప్పడానికి ఆ పెద్దమనిషికి దొరికే సమయం కొన్ని సెకన్లే.

బాగు చేయకపోవడమే బాగు

ఇన్ని తంటాలూ పడి బాగుచేసిన కార్లు ఉన్నచోటే, అసలు బాగే చేయని ఓ కారు అందరినీ మించిపోయింది. 1968లో వచ్చిన ‘బులిట్’ సినిమాలో, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో హీరో స్టీవ్ మెక్వీన్ దూకించిన ఆకుపచ్చ మస్టాంగ్ అది. సినిమా అయ్యాక చేతులు మారి, 1974లో పత్రికలో ప్రకటన చూసిన ఓ సామాన్య కుటుంబం దగ్గరికి ఆరువేల డాలర్లకు చేరింది. దాన్ని వాళ్లు ఇంటి కారులాగే వాడుకున్నారు. 1977లో సాక్షాత్తూ మెక్వీనే ఉత్తరం రాసి, ఆ కారు తనకి అమ్మమని అడిగాడు. కుదరలేదు. 1980లో క్లచ్ పోయింది. కారు షెడ్డుకి చేరింది. దశాబ్దాల పాటు లోకానికి దాని జాడే లేదు.

2018లో డెట్రాయిట్ ఆటో షోలో అది మళ్లీ వెలుగు చూసినప్పుడు సొట్టలు, తుప్పు మరకలు అలాగే ఉన్నాయి. సినిమావాళ్లు కెమెరాలు బిగించడానికి అడుగున చేసిన వెల్డింగ్ గుర్తులూ అలాగే ఉన్నాయి. ఎవరూ రంగు వేయలేదు. 2020 జనవరి 10న కిసిమ్మీ బల్ల మీద 34 లక్షల డాలర్ల దగ్గర సుత్తి పడింది. కొన్నవాళ్లు కట్టే కమీషన్ కలిపితే 37.4 లక్షలు. అప్పటి లెక్కలో మన డబ్బు దాదాపు 26 కోట్లు! అప్పటికి వేలంలో ఒక మస్టాంగ్‌కి అంత ధర రావడం అదే మొదటిసారి.

పాత కార్ల వాళ్లలో ఓ మాట ఉంది. కారుని ఎన్నిసార్లైనా కొత్తది చేయొచ్చు కానీ, అసలుది ఒక్కసారే అని. బులిట్ కారుని మెరిపించి ఉంటే, మెక్వీన్ పట్టుకున్న స్టీరింగ్ మీద మరకతో పాటు కథ కూడా తుడిచిపెట్టుకుపోయేది. అలాగని పాకలో కుళ్లిపోతున్న ప్రతి కారునీ అలా వదిలేస్తే మిగిలేది మట్టే. బాగుచేయకపోతే పోతుంది, చేస్తే అసలుదనం పోతుంది. ఈ తకరారు తేల్చుకోవాల్సింది ఎవరికి వారే.

లాభం ఎవరికి?

కోట్లు వినగానే ఇదేదో బంగారు గని అనిపిస్తుంది. కాగితం మీద లెక్క వేస్తే సంగతి వేరు. కారు కొన్న ధర, మరమ్మతు, విడిభాగాలు, బీమా, ట్రక్కు కిరాయి, వేలం రుసుము, కమీషన్... వీటన్నింటికీ పోగా మిగిలితే, ‘సేకరణ వస్తువు’ కింద ప్రభుత్వం 28 శాతం దాకా పన్ను వేస్తుంది. అరుదైన కొన్ని కార్లను పక్కనపెడితే, మరమ్మతుకి పెట్టిన డబ్బు వెనక్కి రాదన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన నిజమే. ధరలూ స్థిరం కాదు. 2006, 2007లలో ఆకాశానికి ఎగసిన మజిల్ కార్లు, 2008లో ఆర్థిక సంక్షోభం రాగానే నేలకు దిగాయి. అప్పులు చేసి కొన్నవాళ్లు చేతులు కాల్చుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న వయసుది. 1969లో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. షోరూం అద్దంలోంచి చూసి కొనలేకపోయిన కారుని, సంపాదన వచ్చాక కొనుక్కున్న తరం అది. మోకాళ్ల నొప్పులతో బరువైన క్లచ్ తొక్కలేరు. పిల్లలకు ఆ మోజు లేదు. వాళ్లు కుర్రతనంలో గోడకు అంటించుకున్న పోస్టర్లు తొంభైల నాటి జపాన్ కార్లవి. అందుకే అమ్మకానికి వచ్చే కార్లలో తండ్రి పోయాక బిడ్డలు తెచ్చినవీ ఉంటాయి, ‘నేనుండగానే మంచి చేతిలో పెట్టాలి’ అని తండ్రులు తెచ్చినవీ ఉంటాయి. ఆడపిల్లకు సంబంధం చూసినట్టు, కొన్నవాడు దాన్ని నడుపుతాడా, గాజు గదిలో పెట్టేస్తాడా అని ఆరా తీసేవాళ్లూ ఉంటారు. కానీ వేలంలో ఆ షరతు పెట్టడం కుదరదు. సుత్తి పడ్డాక కారు ఎవరిదో వాళ్లిష్టం.

సుత్తి పడుతుంది. చప్పట్లు మోగుతాయి. అప్పటికే తర్వాతి కారు బల్ల ఎక్కుతుంటుంది. అమ్మినాయన ఓ లావుపాటి ఫైలు కొన్నవాడి చేతిలో పెడతాడు. తుప్పు పట్టిన రోజు నుంచి తీసిన ఫొటోలు, బిల్లులు, సీటు కింద దొరికిన కాగితం అన్నీ అందులోనే. తాళాలూ ఇచ్చేస్తాడు. బయట పార్కింగ్‌లో, కారుని ఎక్కించి తీసుకొచ్చిన ట్రెయిలర్ ఎదురు చూస్తుంటుంది. వచ్చేటప్పుడు వెనక బరువుంది కాబట్టి వందల మైళ్లూ నెమ్మదిగా, గతుకు గతుకుకీ అద్దంలో చూసుకుంటూ వచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఆ అవసరం లేదు. అయినా అలవాటు కొద్దీ, చాలా దూరం దాకా అద్దంలోకి చూస్తూనే ఉంటాడు.